సింగపూర్ పాత స్టాల్లో వేయించిన నూడుల్స్ తినడం ఎలా: బల్ల ముందు, బాణలి తరువాత

మొదటిసారి నేను అన్నీ తలకిందులుగా చేశాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక హాకర్ సెంటర్‌కు (ఒకే కప్పు కింద బోలెడు తిండి స్టాళ్లు ఉండే చోటు) వెళ్లి, అన్నిటికంటే పొడవైన వరుస ఏదో చూసుకుని దాని వెనక నిలబడ్డాను. నలభై నిమిషాల తరువాత నల్లగా నిగనిగలాడుతూ పొగలు కక్కుతున్న చార్ క్వే టియావ్ అనే నూడుల్స్ ప్లేటు చేతికి వచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కూర్చోవడానికి ఒక్క స్టూలు ఖాళీ లేదు. పెళ్లిలో రెండో బంతికి కాచుకున్న చుట్టంలా, ట్రే పట్టుకుని తింటున్నవాళ్ల వెనక తిరిగాను. చోటు దొరికేసరికి పొగ ఆగిపోయింది. మొలకలు వాడిపోయాయి. నూడుల్స్ ఒకదానికొకటి అంటుకుని ముద్దయ్యాయి. దీనికోసమా ఇంత పేరు అనుకుంటూ సగం వదిలేసి లేచాను. తప్పు వండినాయనది కాదు. ఆయన ఇచ్చిన ప్లేటు వేరు, నేను తిన్న ప్లేటు వేరు.

బాణలిలోంచి దిగాక ఈ వంటకానికి ఉన్న ఆయువు ఐదారు నిమిషాలు. కాబట్టి ముందుగా చేసుకోగలిగిన పనులన్నీ ముందే ముగించుకోవాలి. కింద చెప్పిన వరుస మార్చకండి. తినడం ఇందులో చివరికి గానీ రాదు.

ఏం తినబోతున్నారో ముందు తేల్చుకోండి

మన ఊళ్లో ఫాస్ట్ ఫుడ్ బండి మీద నూడుల్స్ అంటే దాదాపు ఒకటే రకం: ఉడికించి పెట్టుకున్న గోధుమ నూడుల్స్, క్యాబేజీ, క్యారెట్, సోయా సాస్, కాస్త వెనిగర్. ఇక్కడ ఉత్తినే నూడుల్స్ అని అడిగితే ఎదుటివారు మీ ముఖం చూస్తారు. ఏ నూడుల్, ఏ పద్ధతి అన్నది పేరులోనే ఉంటుంది. ‘మీ’ అంటే గోధుమపిండితో చేసిన పసుపుపచ్చని నూడుల్స్. బీ హూన్ అంటే బియ్యప్పిండి సేమియా. క్వే టియావ్ అంటే బియ్యప్పిండి జావను పలచగా పోసి ఆవిరి మీద ఉడికించి, రిబ్బన్లలా కోసిన వెడల్పాటి పట్టీలు. చార్ అంటే వేయించడం. ఈ నాలుగు మాటలు వస్తే నూడుల్స్ బోర్డుల్లో సగం చదవడం వచ్చినట్టే.

చార్ క్వే టియావ్ నలుపు రంగు వంటకం. సింగపూర్‌లో క్వే టియావ్‌తో పాటు పసుపు మీ కూడా కలిపి వేయిస్తారు. బెల్లం పాకంలా చిక్కగా, తియ్యగా ఉండే నల్ల సోయా సాస్, పంది కొవ్వు, వెల్లుల్లి, గుడ్డు, పెసర మొలకలు, లాప్ చాంగ్ అనే తియ్యటి చైనా సాసేజ్ ముక్కలు, చేపను రుబ్బి చేసిన ముద్దను కోసిన పలకలు, చివర్లో సీ హమ్ అనే చిన్న గుల్లలు పడతాయి. ఒకప్పుడు కూలిపని చేసేవారికి చవకగా కడుపు నింపిన తిండి ఇది. కొవ్వు అంత ధారాళంగా వేయడానికి కారణం కూడా అదేనని చెబుతారు.

హొక్కియన్ మీ దీనికి పూర్తిగా భిన్నం. రంగు లేత గోధుమ. పసుపు మీ, లావు బీ హూన్ కలిపి గుడ్డుతో వేయించి, రొయ్య తలలు, పంది ఎముకలు మరిగించిన రసం గరిటెలతో పోసి, మూతపెట్టి, ఆ రసం నూడుల్స్‌లోకి ఇంకేదాకా మగ్గిస్తారు. వేయించినదే కానీ పొడిగా ఉండదు. పక్కన ఒక చెంచా సాంబల్ అనే మిరపకాయ ముద్ద, ఒక చిన్న కలమాన్సీ నిమ్మకాయ పెడతారు. మలేసియాలోని కౌలాలంపూర్‌లో ఇదే పేరుతో అడిగితే నల్ల సాస్‌లో వేయించిన లావు నూడుల్స్ వస్తాయి, పెనాంగ్‌లో అడిగితే రొయ్యల పులుసులో నూడుల్స్ వస్తాయి. పేరు ఒకటే కదా అని పొరపడకండి.

మీ గోరెంగ్ మనకు దగ్గరి చుట్టం. ఇది తమిళ ముస్లింల స్టాళ్లలో దొరుకుతుంది. టమాటా సాస్, ఎండుమిర్చి ముద్ద, ఉడికిన బంగాళాదుంప ముక్కలు, టోఫూ, గుడ్డు పడి ఎర్రగా ఉంటుంది. ఇందులో పంది మాంసం గానీ కొవ్వు గానీ ఉండవు. కొత్తగా వచ్చినవారిని, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను, నేను మొదట దీని దగ్గరికే తీసుకెళతాను. లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ కింది అంతస్తులో ఇలాంటి స్టాళ్లు ఉన్నాయి. పక్క వరుసలోనే దోసె కూడా దొరుకుతుంది కనుక ఎవరూ అలగరు.

శాకాహారులు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. మాంసం తీసేయమని అడిగి క్వే టియావ్ తినడం కుదరదు. పొద్దుటి నుంచి ఆ బాణలి తాగింది పంది కొవ్వే. మీ ప్లేటులో ముక్కలు లేకపోయినంత మాత్రాన అది శాకాహారం కాదు. మీకు కావలసింది బౌద్ధ శాకాహార స్టాల్. చాలా హాకర్ సెంటర్లలో ఒకటైనా ఉంటుంది. అక్కడ పొద్దున పూట వేయించిన బీ హూన్, పైన సోయాతో చేసిన నకిలీ మాంసం ముక్కలు, పాల మీగడ తరకలాంటి వేయించిన టోఫూ పొర పెట్టి ఇస్తారు. చాలా చోట్ల వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. ఏకాదశి నాడు తినవచ్చునా అని మాత్రం నన్ను అడగకండి.

పాత స్టాల్‌ను పేరు పట్టి వెతకండి

బోర్డు మీద ఊరి పేరు, వీధి పేరు కనిపించి, అది మీరు నిలబడ్డ చోటిది కాకపోతే అక్కడ ఆగండి. హాంగ్ లిమ్ ఫుడ్ సెంటర్‌లో ఔట్‌రామ్ పార్క్ ఫ్రైడ్ క్వే టియావ్ మీ ఉంది. ఔట్‌రామ్ పార్క్ అక్కడ కాదు, వేరే చోటు. తూర్పున బెడోక్ సౌత్ రోడ్డులో హిల్ స్ట్రీట్ ఫ్రైడ్ క్వే టియావ్ ఉంది. హిల్ స్ట్రీట్ నగరం నడిబొడ్డున ఉంది. మన ఇంటిపేర్లలో తాతలు వదిలి వచ్చిన ఊరు నిలిచినట్టు, ఈ స్టాళ్ల పేర్లలో పాత చిరునామా నిలిచిపోయింది. స్టాల్‌ను ఖాళీ చేయించినా పాత గిరాకీలు వెతుక్కుంటూ రావాలి కదా, అందుకని పేరు మార్చలేదు.

ఈ కదలికకు కారణం ఉంది. 1960ల దాకా హాకర్లు వీధుల పక్కన, కాలువల ఒడ్డున బళ్లు పెట్టుకుని అమ్మేవారు. మంచినీటి కుళాయి లేదు, గిన్నెలు కడిగిన నీరు పోయే దారి లేదు. 1968–69లో ప్రభుత్వం వాళ్లందరినీ నమోదు చేయించింది. 1971 నుంచి 1986 వరకు నీళ్లు, కరెంటు, మురుగుకాల్వ ఉన్న కేంద్రాలు కట్టి దశలవారీగా అందులోకి మార్చింది. ఇప్పుడు అలాంటి కేంద్రాలు 110కి పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో సింగపూర్ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

పాత స్టాల్‌కు ఇంకో గుర్తు: జాబితా చిన్నది. ఒకటే వంటకం, రెండు మూడు ధరలు. ఇరవై రకాల బొమ్మలు వెలుగుతున్న బోర్డు కనిపిస్తే పక్కకు జరగండి. గోడకు అంటించిన పత్రికల కత్తిరింపులు, బహుమతుల స్టిక్కర్లు చూసి మాత్రం నిర్ణయించుకోకండి. అవి అందరికీ ఉన్నాయి. వరుసలో ఎవరున్నారో చూడండి. చెప్పులు వేసుకుని, చేతిలో మార్కెట్ సంచితో వచ్చిన ముసలివాళ్లు ముగ్గురు కనిపిస్తే చాలు.

వేళ చూసుకుని బయలుదేరండి

పన్నెండు నుంచి ఒకటిన్నర మధ్య వెళ్లకండి. నగరంలోని సెంటర్లలో ఆ వేళ ఆఫీసులన్నీ కిందికి దిగుతాయి. పదకొండుకే చేరుకోవడం మేలు. రెండున్నర తరువాత అంటే జనం తగ్గుతారు గానీ, సరుకు అయిపోయి స్టాల్ మూసేయవచ్చు. పాతవాళ్లు రోజుకు ఇంత అని తెచ్చుకుంటారు, అయిపోతే లైటు ఆర్పేస్తారు. మధ్యాహ్నం మూడుకే ఆర్పేసినా ఎవరూ అడగరు.

సోమవారం చాలామందికి సెలవు. చైనా నూతన సంవత్సరానికి వారం రెండు వారాలు మూసే స్టాళ్లు ఉంటాయి. దీనికి తోడు ప్రతి సెంటర్‌నూ కొన్ని నెలలకోసారి శుభ్రం చేయడానికి పూర్తిగా మూస్తారు. ఆ తేదీలను జాతీయ పర్యావరణ సంస్థ ముందే ప్రకటిస్తుంది, ఫోనులో ఒకసారి చూసుకుని వెళ్లండి. విమానం దిగి నేరుగా వెళ్లి, ఖాళీ బల్లల మధ్య గొట్టంతో నీళ్లు కొడుతున్న మనిషిని చూసి తిరిగి వచ్చిన బంధువులు నాకున్నారు.

జేబులో రెండు, ఐదు, పది సింగపూర్ డాలర్ల నోట్లు ఉంచుకోండి. ఫోనుతో చెల్లించే సదుపాయం ఇప్పుడు చాలా చోట్ల ఉంది. అయితే అందులో చాలావరకు స్థానిక బ్యాంకు ఖాతాతో నడుస్తాయి. క్రెడిట్ కార్డు చాపితే పెద్దాయన దాన్ని చూసి నవ్వి ఊరుకుంటాడు. ఒక ప్లేటు చాలా చోట్ల 5 నుంచి 8 డాలర్ల మధ్య ఉంటుంది.

బల్ల పట్టండి

దీనికి ఇక్కడ ఒక క్రియ ఉంది: చోప్ చేయడం. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు వేసిన జాతి మనది, విడమరిచి చెప్పనక్కరలేదు. ఇక్కడ చేతిరుమాలు బదులు టిష్యూ ప్యాకెట్ వేస్తారు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్, గొడుగు, ఆఫీసు గుర్తింపు కార్డు, ఏది కనిపించినా ఆ చోటు వేరొకరిది. దాన్ని పక్కకు నెట్టి కూర్చోకండి. చట్టం ఏమీ లేదు, అయినా అందరూ పాటిస్తారు.

టిష్యూ ప్యాకెట్ రెండు విధాల పనికొస్తుంది. స్టాళ్లలో కాగితపు రుమాళ్లు ఇవ్వరు, తరువాత మూతి తుడుచుకోవడానికి మీకే కావాలి. సెంటర్ గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని ఇవే అమ్మే పెద్దవాళ్లు ఉంటారు, అక్కడే కొనండి.

ఇద్దరు వెళితే ఒకరు బల్ల దగ్గర, ఒకరు వరుసలో. ఒంటరిగా వెళితే ప్యాకెట్ వేసి ధైర్యంగా కదలండి. నలుగురు కూర్చునే బల్లకు ఒక్కరే ఉంటే, చేత్తో స్టూలు చూపించి కళ్లతో అడగండి. తల ఊపుతారు. పరాయివాళ్ల బల్ల పంచుకోవడం ఇక్కడ మర్యాదలో భాగమే, పలకరించాల్సిన పని కూడా లేదు. బల్ల మీద అంకె ఉంటే గుర్తుపెట్టుకోండి. కొన్ని స్టాళ్లవారు ప్లేటు తెచ్చి ఇస్తారు, అప్పుడు ఆ అంకె అడుగుతారు.

బల్ల ఎంచుకునేటప్పుడు పైన తిరిగే ఫ్యాను చూడండి. ఫ్యాను కిందే కూర్చుంటే హాయి, కానీ ప్లేటు రెండు నిమిషాల్లో చల్లారుతుంది. నేను కొంచెం పక్కన కూర్చుని చెమట పడతాను.

పానీయం ముందే తెచ్చుకోండి

ప్లేటు వచ్చాక పానీయం కోసం లేవడం నేను చేసిన రెండో తప్పు. పానీయాల స్టాల్ వేరే ఉంటుంది. నూడుల్స్ స్టాల్లో నీళ్లు కూడా దొరకవు. కొన్ని చోట్ల పానీయాల ఆంటీ తానే బల్ల దగ్గరికి వచ్చి అడుగుతుంది.

కొవ్వు, తీపి, కారం కలిసిన క్వే టియావ్‌కు నిమ్మరసం గానీ, చక్కెర లేని ఐసు టీ గానీ సరిపోతుంది. ఆ టీ పేరు టే ఓ కొసొంగ్ పెంగ్: టే అంటే టీ, ఓ అంటే పాలు లేకుండా, కొసొంగ్ అంటే చక్కెర లేకుండా, పెంగ్ అంటే ఐసు. ఉత్త టే అంటే గట్టి పాలడబ్బాలోంచి ధారాళంగా తీపి పోస్తారు. మన టీకి దగ్గరి రుచి కావాలంటే టే సీ సియు తాయ్ అనండి, నీరు ఇగిర్చిన డబ్బాపాలతో, చక్కెర తగ్గించి ఇస్తారు. చెరకురసం మంచిదే కానీ, తియ్యటి నల్ల సాస్ మీద మరో తీపి ఎందుకు?

వరుసలో నిలబడి బాణలి చూడండి

ఫోను జేబులో పెట్టండి. ఉచితంగా దొరికే ప్రదర్శన ఇది.

మొదట గమనించవలసింది ఆయన ఒక్కసారికి ఎన్ని ప్లేట్లు వేయిస్తున్నాడన్నది. ఒకటి నుంచి మూడు అయితే మీరు సరైన వరుసలో ఉన్నారు. వరుస కదలకపోవడానికి కారణం కూడా అదే. బాణలిలో సరుకు ఎక్కువైతే వేడి పడిపోతుంది, నూడుల్స్ నీరు వదులుతాయి, వేగడం మాని ఉడకడం మొదలవుతుంది. పదిమంది ప్లేట్లు ఒకేసారి కలిపి పంచేస్తున్న చోట వరుస గబగబా సాగుతుంది. దాని ఫలితం ప్లేటులో కనిపిస్తుంది.

ఆయన చేసే క్రమం ఇలా ఉంటుంది. ఖాళీ బాణలి పొగ వచ్చేదాకా కాలుతుంది. కరిగిన కొవ్వు, దాని వెనకే వెల్లుల్లి. వెల్లుల్లి రంగు మారకముందే రెండు రకాల నూడుల్స్ పిడికిళ్లతో పడతాయి. ఇనుప గరిటె వీపుతో వాటిని బాణలి గోడకు అదిమి, ఒక లెక్క పట్టి ఆగుతాడు. ఆ ఆగడం చూడండి. కొత్తవాళ్లు ఆపకుండా కలుపుతూనే ఉంటారు. పాతవాడు నూడుల్ అంచు కమిలేదాకా వదిలేసి, అప్పుడు తిప్పుతాడు. తరువాత గరిటె చివరతో నీళ్లు చిలకరిస్తాడు, ఆవిరి భుస్సుమని లేస్తుంది. మొలకలు వేసి, అన్నిటినీ ఒక పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట ఇంకాస్త కొవ్వు వేసి గుడ్డు కొడతాడు. గుడ్డు సగం గట్టిపడగానే నూడుల్స్‌ను దాని మీదికి తిప్పుతాడు. నల్ల సాస్ గుండ్రంగా తిరుగుతుంది, చక్కెర మాడీ మాడని వాసన వస్తుంది. కారం ముద్ద. వెల్లుల్లి వాసన వేసే పచ్చటి కూ చాయ్ ఆకులు. చిట్టచివరన గుల్లలు, అవి బాణలిలో ఉండేది కొన్ని క్షణాలే. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. ఒక్క కొలత చెంచా కనిపించదు.

మీకు ఆ పొగ వాసన తగులుతుంది చూడండి, దానికి కాంటనీస్ భాషలో వోక్ హే అని పేరు. మాటకు మాట చెబితే బాణలి ఊపిరి. బాగా కాలిన ఇనుము మీద పిండి, మాంసకృత్తులు, చక్కెర గోధుమరంగుకు తిరగడం వల్ల, ఎగరేసినప్పుడు కొవ్వు తుంపరలు మంటకు తగిలి కాలడం వల్ల ఆ వాసన పుడుతుంది. ఇది నూడుల్స్ పైన పలచగా అంటుకుని ఉండే వాసన. చల్లారితే ముందుగా పోయేది అదే. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద మనం చేస్తే అన్నీ కుదిరినా ఇది కుదరదు, మన పొయ్యికి అంత మంట లేదు.

పెనాంగ్‌లో జార్జ్ టౌన్ వెళితే కొన్ని స్టాళ్లు ఇప్పటికీ బొగ్గుల మీదే చేస్తాయి. ఒక చిన్న ఫ్యాను బొగ్గులను ఎర్రగా ఊదుతూ ఉంటుంది. అక్కడ పసుపు మీ కలపరు, నల్ల తీపి సాస్ తక్కువ, రొయ్యలు తప్పనిసరి, కొంచెం ఎక్కువ ఇస్తే బాతుగుడ్డుతో చేస్తారు. ప్లేటు చిన్నది. ఏది గొప్పదని సింగపూర్‌వాళ్ల ముందు గానీ పెనాంగ్‌వాళ్ల ముందు గానీ అడగవద్దు, ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అన్న వాదన లాంటిది అది. నా ఓటు పెనాంగ్‌కే, కానీ ఈ మాట నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకండి.

తక్కువ మాటల్లో చెప్పండి

మీ వంతు వచ్చాక ఆలోచించకండి. వండే ఆయనను అంకుల్ అని, ఆమెను ఆంటీ అని పిలవాలి. వయసులో మీరే పెద్దవారైనా సరే. ముందు ధర, తరువాత కారం, తరువాత వద్దన్నవి. ఆరు డాలర్లది ఒకటి, కారం వేయండి, గుల్లలు వద్దు. దీన్ని సిక్స్ డాలర్, చిల్లీ, నో హమ్ అంటే చాలు. వాక్యాలు కట్టనక్కరలేదు. ఆయన తల ఎత్తకుండానే ఆయ్ హియమ్ మాయ్ అని అడిగితే, కారం కావాలా అని అర్థం. కావాలంటే ఆయ్, వద్దంటే మాయ్. అక్కడే తినాలంటే చేతితో బల్ల వైపు చూపించండి. పొట్లం కావాలంటే తా పావ్ అనాలి.

గుల్లల సంగతి ఆలోచించి చెప్పండి. ప్రియులు వాటిని సగం ఉడికి, లోపల ఎర్రగా ఉండగానే తింటారు. సరిగా ఉడకని గుల్లల వల్ల కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ సోకే ప్రమాదం ఉంది. గర్భిణులకు, పిల్లలకు, కాలేయం జబ్బు ఉన్నవారికి వద్దు. మొదటిసారి తినేవారు కూడా మానేస్తే నష్టం లేదు.

మార్పులు ఒకటి, మహా అయితే రెండు. మొలకలు వద్దు, గుడ్డు రెండు, సాస్ తక్కువ, పసుపు మీ లేకుండా, లాప్ చాంగ్ ఎక్కువ అని జాబితా చదివితే, పెద్దాయన మనసులోని లెక్క తప్పుతుంది. ఈ పనిలో ఉన్నవారిలో చాలామంది అరవై దాటినవారు. రోజంతా ఒకే మణికట్టుతో బరువైన ఇనుప బాణలి తిప్పుతున్నారు. ఒకసారి నా ముందున్న ఆమె ఐదు మార్పులు చెబితే, ఆయన శాంతంగా విని, అన్నీ వేసిన మామూలు ప్లేటే చేతికిచ్చాడు. ఆమె నోరు తెరిచేలోగా తరువాతి ప్లేటు నూడుల్స్ బాణలిలో పడ్డాయి.

ఇప్పుడు తినండి

ఫొటో తీయాలనుంటే ఒకటే తీయండి.

చాప్‌స్టిక్స్ రాకపోతే సిగ్గుపడకండి. స్టాల్ ముందున్న డబ్బాలో ఫోర్కు, చెంచా ఉంటాయి. క్వే టియావ్ జారిపోయే సరుకు, అలవాటు లేని చేతికి చాప్‌స్టిక్స్‌తో ప్లేటుకూ నోటికీ మధ్యే చల్లారిపోతుంది. ఫోర్కుతో పైకి లాగి, కింద చెంచా పట్టి తినండి.

క్వే టియావ్ ప్లేటును ఒకసారి అడుగు నుంచి పైకి తిప్పండి, ఎందుకంటే గుడ్డు, కరకరలాడే కొవ్వు ముక్కలు అడుగుకు చేరతాయి. మొదటి ముద్దలో నూడుల్, మొలక, ఆకు మూడూ ఉండేలా తీసుకోండి. తీపి ముందు తగులుతుంది. మనవాళ్లు అక్కడే ముఖం చిట్లిస్తారు. ఇంకో క్షణం ఆగితే ఉప్పు, దాని వెనక పొగ, చివర కారం వస్తాయి. నాలుగైదు ముద్దల దాకా ఆగకుండా తినండి, మాటలు తరువాత.

హొక్కియన్ మీ అయితే పద్ధతి వేరు. వచ్చీ రాగానే సాంబల్ అంతా కలిపేయడం మనవాళ్ల అలవాటు, పప్పన్నంలో ఊరగాయ కలిపినట్టు. అలా చేస్తే రొయ్యల రసం రుచి పోతుంది, డబ్బు పోసింది దానికే. మొదటి రెండు ముద్దలు ఏమీ కలపకుండా తినండి. తరువాత కలమాన్సీ పిండండి. అది గోలీ అంతే ఉంటుంది, కోసిన వైపు పైకి పెట్టి పిండితే గింజలు ప్లేటులో పడవు, రసం వేళ్ల మీదుగా కారుతుంది. సాంబల్‌ను పక్కనే ఉంచుకుని ముద్ద ముద్దకు ఫోర్కు కొనతో అద్దుకోండి. కొన్ని పాత స్టాళ్లలో దీన్ని ఓపే అనే మట్ట మీద ఇస్తారు. పట్టుకుని చూడండి: వక్క చెట్టు మట్ట. మన పెళ్లిళ్లలో ఇప్పుడు ప్లేట్లుగా వాడుతున్న సరుకే. వేడి రసం తగిలినప్పుడు దానిలోంచి సన్నగా ఒక చెక్క వాసన వచ్చి నూడుల్స్‌కు అంటుతుంది.

మిగిలింది వదిలేయాలనిపిస్తే వదిలేయండి. పెద్ద ప్లేటు ఒక్కరికి ఎక్కువే. తరువాతిసారి చిన్నది చెప్పి, రెండో వంటకానికి చోటు ఉంచుకోండి.

ట్రే తీయండి

2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో తిన్న ట్రే, ప్లేటు, వాడిన టిష్యూలు బల్ల మీద వదిలి వెళ్లడం నేరం. మొదటిసారి హెచ్చరికతో వదిలేస్తారు, మళ్లీ దొరికితే 300 డాలర్ల జరిమానా, అంటే ఇంచుమించు యాభై ప్లేట్లు. ట్రేలు పెట్టే అరలు రెండు రకాలుగా ఉంటాయి. హలాల్ స్టాల్ నుంచి తెచ్చినవి ఒకదానిలో, మిగిలినవి మరోదానిలో. మీరు తిన్నది క్వే టియావ్ అయితే హలాల్ అర దగ్గరికి వెళ్లకండి, పంది కొవ్వు అంటిన ప్లేటు అక్కడ పెడితే కడిగేవారికి చాలా ఇబ్బంది. లేచిన మరుక్షణం గోరింకలు దిగుతాయి, కాబట్టి తరువాత వచ్చి తీద్దామని వదలకండి.

ఇంటికి కట్టించుకోవాలంటే

క్వే టియావ్ కట్టించుకోకండి. మూతపెట్టిన డబ్బాలో ఆవిరికి అది మెత్తబడుతుంది. ఇంట్లో ఉన్న మనిషి కోసం తప్పదంటే హొక్కియన్ మీ పొట్లం తీసుకోండి, రసంలో మగ్గిన వంటకం కనుక అరగంట ప్రయాణాన్ని ఓర్చుకుంటుంది. సాంబల్, కలమాన్సీ విడిగా ఇమ్మనండి. దారిలో మూత ఒక అంచున కొంచెం తెరిచి ఉంచండి. ఇల్లు చేరాక మైక్రోవేవ్ జోలికి పోవద్దు. ఇనుప పెనం బాగా కాల్చి, చెంచాడు నీళ్లు చిలకరించి, ఒక్క నిమిషం తిప్పి దించండి. తినవలసిన మనిషిని ముందే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.